నవ్వులాటగా మొదలై... నంబర్ టూ దాకా!

ఇంగ్లిషు పాటలు వినే అలవాటు ఉన్నవాళ్లకి ఓ చిన్న పరీక్ష. 'బ్యాడ్ బాయ్ చిల్లర్ క్రూ' అనే బృందం పాట ఏదైనా ఒకటి పెట్టుకోండి. మొదటి నిమిషంలో ఎన్ని మాటలు అర్థమయ్యాయో లెక్కపెట్టండి. నాకైతే పట్టుమని పది కూడా దొరకలేదు. పదో తరగతి నుంచి ఇంగ్లిషు పేపరు చదువుతున్నానన్న గర్వం కాస్తా అక్కడే దిగిపోయింది!

నిజానికి మన తప్పేం లేదు. ఆ కుర్రాళ్లు పాడేది పాఠ్యపుస్తకాల ఇంగ్లిషు కాదు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ యాస. అక్కడ 'నథింగ్' అనరు, 'నౌట్' అంటారు. 'ఎనీథింగ్'కి 'ఔట్'. మాటల మధ్య వచ్చే 'ద'ని సగం మింగేస్తారు. లండన్ టీవీల్లో ఈ యాస వినపడితే చాలాకాలం పాటు నవ్వులే. యాస ఉన్నవాడు వంటవాడో, డ్రైవరో, హాస్యగాడో అయ్యుండాలి. ఈ సంగతి తెలుగు సినిమా ప్రేక్షకులకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అలాంటి యాసని వెంట్రుకవాసి కూడా మార్చుకోకుండా, ఊరి పేరు దాచుకోకుండా బ్రిటన్ ఆల్బమ్ చార్టులో రెండో స్థానానికి ఎక్కిన కుర్రాళ్ల కథ ఇది.

ఆ ఊరు బ్రాడ్‌ఫర్డ్. పంతొమ్మిదో శతాబ్దంలో ఉన్ని బట్టలకి పెట్టింది పేరు. అక్కడి లిస్టర్ మిల్లు ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద పట్టుబట్టల కర్మాగారం. ఆ ఊరి మిల్లుల్లో పనికోసం పాకిస్తాన్ నుంచీ, మన దేశం నుంచీ వేలమంది వలస వెళ్లారు. ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లిస్టర్ మిల్లు 1992లో ఆగిపోయింది. తర్వాత అందులో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పని పోయిన ఊళ్లో పిల్లలు ఏం చేస్తారు? వీధుల్లో బైకులు తిప్పుతారు, కార్లలో పాటలు పెట్టుకుంటారు.

ఏ పాటలు? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

సరిగ్గా ఆ 1992లోనే బ్రాడ్‌ఫర్డ్‌కి యాభై, అరవై కిలోమీటర్ల దూరంలోని షెఫీల్డ్‌లో 'నీష్' అనే నైట్‌క్లబ్ తెరిచారు. తొంభైల చివర్లో లండన్ నుంచి వచ్చిన 'స్పీడ్ గరాజ్' రికార్డుల్ని అక్కడి డీజేలు తమకి నచ్చినట్టు వండుకున్నారు. నిమిషానికి దాదాపు 140 దెబ్బలు. ధడ్ ధడ్ ధడ్ ధడ్ అని నాలుగూ సమానంగా పడతాయి. దాని కింద కప్ప అరిచినట్టు, రబ్బరు సాగదీసినట్టు మెలికలు తిరిగే బేస్ శబ్దం. పైన వేగం పెంచి పల్చబరిచిన అమ్మాయి గొంతు. ఇదే 'బేస్‌లైన్'. నీష్‌లో పుట్టింది కాబట్టి కొన్నాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలిచారు కూడా. షెఫీల్డ్, లీడ్స్, హడర్స్‌ఫీల్డ్, బ్రాడ్‌ఫర్డ్... ఇలా పాత మిల్లుల ఊళ్లన్నీ ఆ శబ్దాన్ని సొంతం చేసుకున్నాయి.

2005 నవంబరులో వందలాది పోలీసులు నీష్ మీద దాడి చేశారు. మత్తుమందులు, గొడవలు అన్నారు. క్లబ్ మూతపడింది. అక్కడితో ఆగలేదు. బేస్‌లైన్ పెడితే గొడవలొస్తాయన్న ముద్ర పడింది. వేరే క్లబ్బులు కూడా ఆ పాటలంటే జంకాయి. క్లబ్బులో తప్పు జరిగితే క్లబ్బుని అడగాలి. బీటుని దోషిని చేయడం ఏమిటో నాకు అర్థం కాదు.

విచిత్రం ఏమిటంటే, తలుపులు మూశాకే పాట బయటికొచ్చింది. 2007లో లీడ్స్‌కి చెందిన టీ2 చేసిన 'హార్ట్‌బ్రోకెన్' బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. పాడిన అమ్మాయి జోడీ ఐషా. మరుసటి ఏడాది హెచ్ టూ ఓ బృందం, ప్లాట్నమ్ బృందంతో కలిసి చేసిన 'వాట్స్ ఇట్ గొన్నా బీ' కూడా సరిగ్గా రెండో స్థానంలోనే ఆగింది. ఆ తర్వాత లండన్ పత్రికలు వేరే సరుకు వెతుక్కున్నాయి. బేస్‌లైన్ మళ్లీ ఊరి కార్లలోకీ, చిన్న క్లబ్బుల్లోకీ వెళ్లిపోయింది. చచ్చిపోలేదు. పట్టించుకునేవాళ్లే లేకపోయారు.

అలాంటి కార్లలో ఆ పాటలు వింటూ పెరిగిన తరమే బ్యాడ్ బాయ్ చిల్లర్ క్రూ. కేన్, జీకే, క్లైవ్... పేరు వచ్చిన రోజుల్లో ముఖ్యంగా ఈ ముగ్గురు. ట్రాక్‌సూట్లు, ముందు పొట్టిగా వెనక పొడుగ్గా వదిలేసే జుట్టు. 2010ల చివర్లో వీళ్ల పేరు బయటికొచ్చింది పాటలతో కన్నా ముందు వెర్రి వీడియోలతో. ఫోన్లో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే కొంటెపనులు, కోతిచేష్టలు. పనిలో పనిగా పాత బేస్‌లైన్ బీట్ల మీద ర్యాప్ చేయడం మొదలెట్టారు. అదీ నవ్వులాటే అనుకున్నారు జనం.

అలా అనుకోవడానికి కారణం ఉంది. 2000ల చివర్లో బోల్టన్ అనే మరో ఉత్తరాది ఊరి నుంచి బ్లాక్ అవుట్ క్రూ అనే బృందం 'పుట్ ఎ డాంక్ ఆన్ ఇట్' అని ఒక పాట చేసింది. దేశమంతా చూసింది. చూసి నవ్వింది. నవ్వడం అయిపోగానే మర్చిపోయింది. ఉత్తరాది కుర్రాళ్లు ర్యాప్ చేస్తే పట్టే గతి ఇదే అని అప్పటికే ఒక లెక్క స్థిరపడిపోయింది.

బ్రాడ్‌ఫర్డ్ కుర్రాళ్లు ఆ లెక్క తప్పించారు. ఎలా? నా మటుకు నాకు తోచేది ఒకటే. వాళ్లు తమని చూసి నవ్వేవాళ్లతో కలిసి నవ్వారు గానీ, పాటని మాత్రం నవ్వులాటగా చేయలేదు. ఆ బీటు కట్టుదిట్టంగా ఉంటుంది. పల్లవి ఒకసారి వింటే రెండు రోజులు చెవుల్లో తిరుగుతుంది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకోకుండా మాటలు గుమ్మరిస్తారు. 2020లో 'ఫుల్ వ్యాక్ నో బ్రేక్స్' ఆల్బమ్ వచ్చింది. కొవిడ్‌తో క్లబ్బులన్నీ తాళాలు వేసుకున్న సంవత్సరం అది. '450' లాంటి పాటలు ఫోన్ల మీదే ఊరు దాటాయి. 2021లో ఇంకో అడుగు ముందుకేసి తమ ఈపీకి 'చార్వా ఆంథెమ్స్' అని పేరు పెట్టుకున్నారు. ఉత్తర ఇంగ్లండులో 'చార్వా' అనేది తిట్టు. ట్రాక్‌సూటు వేసుకుని వీధిలో తిరిగే పేదింటి కుర్రాడిని చూసి ముక్కు విరుస్తూ అనే మాట. దాన్నే తీసుకెళ్లి అట్టమీద అచ్చేసుకున్నారు!

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. సోనీ సంస్థ నీడలోని రిలెంట్‌లెస్ కంపెనీ చేరదీసింది. 2021లో 'డోంట్ యూ వర్రీ అబౌట్ మీ' టాప్ 40లో చేరింది. ఐటీవీ2 ఛానెల్ వీళ్ల మీద ఏకంగా ఓ రియాలిటీ షో తీసింది. 2022 ఫిబ్రవరిలో 'డిస్‌రెస్పెక్ట్‌ఫుల్' ఆల్బమ్ నేరుగా రెండో స్థానంలో దిగింది. 2007లో రెండు, 2008లో రెండు, 2022లోనూ రెండే. ఈ సంగీతానికి ఆ అంకె ఎవరో రాసిపెట్టినట్టుంది.

ఇదే బ్రాడ్‌ఫర్డ్ నుంచి వన్ డైరెక్షన్ గాయకుడు జెయిన్ మాలిక్ కూడా వచ్చాడు. కానీ అతని దారి వేరు. 2010లో 'ఎక్స్ ఫ్యాక్టర్' టీవీ పోటీకి వెళితే, అక్కడ పెద్దలు కూర్చుని బృందాన్ని కూర్చారు. చిల్లర్ క్రూని ఎవరూ కూర్చలేదు. టీవీవాళ్లే వాళ్ల ఊరు వెతుక్కుంటూ వచ్చారు.

ఇంతా చెప్పి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఈ పాటల్లో ఉన్నదంతా బంగారం కాదు. వేగం, తాగుడు, మత్తు, అమ్మాయిల గురించి చులకన మాటలు దండిగా ఉంటాయి. 'మా వీధిలో ఉన్నదే పాడుతున్నాం' అనే సమాధానం కొంతవరకే చెల్లుతుంది. పైగా ఆ పాటల్ని మనకి గుర్తుండేలా చేసేది చాలాసార్లు పల్లవి పాడే అమ్మాయి గొంతే. బేస్‌లైన్ మొదటి రోజుల నుంచీ అంతే. పాట నిలబెట్టేది ఆడగొంతు, అట్ట మీద ముందు కనిపించేది మగవాళ్ల పేరు. జోడీ ఐషా పేరు ఎంతమందికి గుర్తుంది చెప్పండి?

2023 ఫిబ్రవరిలో లండన్‌లో బ్రిట్ అవార్డులు ఇచ్చారు. ఉత్తమ బృందం విభాగంలో ఐదు పేర్లు. ఆర్కిటిక్ మంకీస్, ది 1975 లాంటి హేమాహేమీల పక్కన బ్యాడ్ బాయ్ చిల్లర్ క్రూ పేరు. ఆర్కిటిక్ మంకీస్ ఎక్కడివాళ్లనుకున్నారు? నీష్ ఉన్న షెఫీల్డ్ వాళ్లే. ఒకే ప్రాంతం, ఒకే యాస. గిటార్ పట్టుకున్నవాళ్ల యాసని విమర్శకులు కవిత్వం అన్నారు, ట్రాక్‌సూటు వేసుకున్నవాళ్లది ఇన్నాళ్లూ తమాషా అయ్యింది. ఆ రాత్రి రెండూ ఒకే జాబితాలో చేరాయి. బహుమతి మాత్రం ఐల్ ఆఫ్ వైట్ దీవి నుంచి వచ్చిన వెట్ లెగ్ పట్టుకెళ్లింది.

వినాలనిపిస్తే నా సలహా. ముందు 'హార్ట్‌బ్రోకెన్' వినండి. చెవి అలవాటయ్యాక '450', ఆ తర్వాత 'డోంట్ యూ వర్రీ అబౌట్ మీ'. ఫోన్ స్పీకర్లో పెడితే అసలు సంగతైన బేస్ మాయమైపోతుంది, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే కూడా తప్పనిసరే... అర్థమయ్యే ఆ పది మాటల్లో నాలుగు బూతులే!