చప్పుడు ఆగినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు

1977 నుంచి అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడవుతున్న పికప్ ట్రక్కులు ఫోర్డ్ ఎఫ్ సిరీస్‌వే. అందులో 2004 నుంచి 2010 దాకా వచ్చిన ఎఫ్-150లలో చాలావాటికి 5.4 లీటర్ల వీ8 ఇంజన్ బిగించారు; సిలిండర్‌కు మూడేసి వాల్వులు. ఆ బండ్లు ఇప్పుడు లక్షన్నర, రెండు లక్షల మైళ్లు తిరిగి చవగ్గా చేతులు మారుతున్నాయి. అక్కడ వాటిని నడుపుతున్నవారూ, కొనబోతున్న మనవాళ్లూ ఒక ప్రమాదాన్ని గుర్తించాలి: క్రాంకుతో క్యామును తిప్పే టైమింగ్ చైను అరగడం. మన పెద్ద లారీల్లో క్రాంకునూ క్యామునూ కలిపేవి ఎక్కువగా గేర్లే. అందుకే టైమింగ్ చైను అరిగితే వచ్చే చప్పుడు మన చెవికి అంత పరిచితం కాదు.

ఈ ఇంజన్‌కు ఒక్కో సిలిండర్ల వరుసకు ఒకటి చొప్పున రెండు చైన్లు. పిన్నులూ బుష్షులూ అరిగేకొద్దీ చైను సాగుతుంది. ఆ వదులును ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ సర్దుతూ వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టెన్షనర్ ఒళ్లు ప్లాస్టిక్. దాని సీలు దెబ్బతింటే ఆయిల్ అక్కడే కారిపోతుంది. పై హెడ్డుకు అందే ఒత్తిడి పడిపోతుంది. ఆ ఒత్తిడి మీదే ఆధారపడి క్యామ్ టైమింగును సర్దే ఫేజర్లు కొట్టుకోవడం మొదలుపెడతాయి. వదులైన చైను గైడ్లను బాదుతుంది. విరిగిన ప్లాస్టిక్ ముక్కలు ఆయిల్ చాంబర్‌లో పడి, పంపు ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తాయి. అరిగింది చైనే అయినా చావు బేరింగులకూ వస్తుంది.

ఈ దశలో చాలామంది చేసే పని మరింత ప్రమాదకరం. కంపెనీ చెప్పిన 5డబ్ల్యు-20 ఆయిల్‌కు బదులు చిక్కటి ఆయిల్ పోస్తారు. చప్పుడు తగ్గుతుంది. సాగిన చైను మాత్రం సాగినట్టే ఉంటుంది. ఒకరోజు అది పళ్లు దాటితే, తెరుచుకున్న వాల్వులను పిస్టన్లు గుద్దుకుంటాయి. హైవే మీద ఇంజన్ ఆగిపోయిన క్షణంలో స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు మిగిలే వాక్యూమ్ సాయం ఒకటి రెండు తొక్కుళ్లకే సరి. వెనక ట్రైలర్ తగిలించి ఉంటే డ్రైవరు చేతిలో ఏముంటుంది? పక్క లేనులో పిల్లలతో వెళ్తున్న కుటుంబం సంగతేమిటి?

సగం రిపేరును కూడా మేం అంతే గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. చైన్లు మాత్రం మార్చి పాత టెన్షనర్లను, గైడ్లను ఉంచేయడం డబ్బు ఆదా కానే కాదు. ఖర్చులో పెద్ద భాగం ముందు కవరు విప్పే కూలీదే. విప్పాక రెండు చైన్లూ, రెండు టెన్షనర్లూ, గైడ్లూ, క్రాంకు స్ప్రాకెట్, అరిగిన ఫేజర్లూ అన్నీ మార్చాలి. ఇనుప ఒళ్లున్న టెన్షనర్లు దొరుకుతున్నాయి, అవే వేయించాలి. చాంబర్ దించి జాలీ కడగాలి, ఆయిల్ పంపు చూడాలి. క్రాంకు పుల్లీ బోల్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడేది కాదు. చైన్ల మీది రంగు లింకులను స్ప్రాకెట్ల గుర్తులతో కలిపాక, స్టార్టర్ జోలికి పోకుండా క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా తప్పెక్కడో వెతకాలి. ఆ రెండు చుట్లకు ఓపిక లేని షెడ్డుకు బండి ఇవ్వొద్దు. ఏయే భాగాలు మార్చారో బిల్లులో రాయించుకోండి. ఖర్చు భరించలేని స్థితిలో ఉంటే, డబ్బు సమకూరేదాకా బండిని కదపకండి.

కొనేవారు రెండు పరీక్షలు చేయాలి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను పొద్దున మీ ముందే స్టార్ట్ చేయించండి. మొదటి క్షణాల్లో గలగలమంటే చైను వదులైందని అనుమానించాలి. తర్వాత అరగంట నడిపి, వేడెక్కిన ఇంజన్‌ను గేరులోనే ఉంచి బ్రేకు తొక్కి వినండి. డీజిల్ బండిలా టకటక కొడితే ఫేజర్ల వంతు వచ్చినట్టే. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే బేరం ఆపి మర్నాడు పొద్దున మళ్లీ వస్తామనండి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.