ఓర్వకల్లు నుండి బ్యాటరీ విమానాల సాధ్యాసాధ్యాలు

'''బ్యాటరీ విమానం''' అనగా ఇంధనాన్ని మండించకుండా, బ్యాటరీలలో నిల్వ ఉన్న విద్యుత్తుతో మోటార్లను నడిపి ఎగిరే విమానం. డోన్, నంద్యాల పట్టణాలకు దగ్గరలోని విమానాశ్రయం కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఉన్నది. ఆళ్ళగడ్డ వారికి కడప విమానాశ్రయం కూడా అందుబాటులో కలదు. ఇటువంటి చిన్న విమానాశ్రయాలకు బ్యాటరీ విమానాలు ఎంతవరకు ఉపయోగపడగలవన్నది ఈ వ్యాస విషయం.

== నేపథ్యం ==
ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు గల ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైనది. అదే నెల 28 నుండి ఉడాన్ పథకం క్రింద బెంగళూరు, చెన్నై, విశాఖపట్నంలకు ఇండిగో సంస్థ ఏటీఆర్ విమానాలు నడిపినది. ఇక్కడి నుండి వాయుమార్గంలో బెంగళూరు సుమారు 280 కి.మీ., చెన్నై 370 కి.మీ., విశాఖపట్నం 580 కి.మీ. దూరంలో ఉన్నాయి.

== బరువు సమస్య ==
ఒక కిలో విమాన ఇంధనంలో సుమారు 12,000 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఒక కిలో బ్యాటరీ పెట్టెలో ఉండేది సుమారు 200 మాత్రమే. విద్యుత్ మోటారు శక్తిని తక్కువగా వృథా చేస్తుంది కనుక వాస్తవ తేడా 60 రెట్ల నుండి సుమారు 20 రెట్లకు తగ్గుతుంది. పైగా ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ బరువు మాత్రం దిగేవరకు తగ్గదు.

విమానం మొత్తం బరువులో 30 శాతం బ్యాటరీలే అనుకొని, రెక్కల లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి 16గా, మోటారు, ప్రొపెల్లర్ల సామర్థ్యం 85 శాతంగా తీసుకొని లెక్కిస్తే అది సుమారు 300 కి.మీ. ఎగరగలదు. అయితే అత్యవసరం కొరకు అరగంట ప్రయాణానికి సరిపడే శక్తిని మిగిల్చి ఉంచాలి. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చేరే శక్తి కూడా ఉండాలి. గంటకు 300 కి.మీ. వేగంతో అరగంట అనగా 150 కి.మీ. కావున నేటి బ్యాటరీలతో బెంగళూరు కూడా అందదు. శక్తి సాంద్రత రెట్టింపయితే బెంగళూరు అందుతుంది, చెన్నై అంచులో ఉంటుంది, విశాఖపట్నం అప్పటికీ అందదు.

== ఇతర దేశాల అనుభవం ==
* రెండు సీట్ల పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో 2020లో ఐరోపా భద్రతా సంస్థ ధ్రువీకరణ పొందినది. ఇది శిక్షణకు పనికివచ్చే విమానం.
* తొమ్మిది మంది ప్రయాణికుల కొరకు రూపొందించిన ఏవియేషన్ ఆలిస్ 2022 సెప్టెంబరు 27న అమెరికాలో 8 నిమిషాలు ఎగిరినది. 2025లో ఆ సంస్థ పనులు నిలిపివేసినది.
* ఇటలీకి చెందిన టెక్నమ్ సంస్థ, బ్యాటరీలు త్వరగా క్షీణిస్తాయన్న కారణంతో తన పీ-వోల్ట్ ప్రణాళికను 2023లో పక్కన పెట్టినది.

== స్థానిక పరిస్థితులు ==
విద్యుత్తుకు ఈ ప్రాంతంలో కొరత లేదు. 1,000 మెగావాట్ల కర్నూలు సౌర విద్యుత్ పార్కు విమానాశ్రయానికి సమీపంలోనే ఉన్నది. కాని వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలుచబడి రెక్కలకు ఊతం తగ్గుతుంది. వేగంగా ఛార్జి చేసేటప్పుడు బ్యాటరీలను చల్లబరచవలసి ఉంటుంది.

== అంచనా ==
మొదట అందుబాటులోకి రాగల బెంగళూరు మార్గం డోన్ వాసులకు అంత అవసరమైనది కాదు. డోన్ రైల్వే జంక్షను. 44వ జాతీయ రహదారిపై బెంగళూరుకు సుమారు 300 కి.మీ. దూరంలో ఉన్నది. దక్షిణానికి పోవలసినవారు విమానం కొరకు ముందు ఉత్తరాన గల ఓర్వకల్లుకు పోవాలి. విమానం నిజంగా సమయం ఆదా చేసే మార్గం విశాఖపట్నం. బ్యాటరీకి అందనిదీ అదే. కనుక సమీప భవిష్యత్తులో ఇక్కడ బ్యాటరీ విమానాలు పైలట్ శిక్షణకు అనుకూలం కాగలవు గాని, ప్రయాణికుల సేవకు కాదు. ఇంధనం, బ్యాటరీ రెండూ వాడే మిశ్రమ విమానాలు దూర మార్గాలకు ఎక్కువ అనుకూలమైనవి.