కవయిత్రి వాడకొస్తే వినడమే కాదు, అడుగుదాం

కవిత చదివే సభ పట్నం హాల్లోనే జరగాలా? మొన్న మా వాడ అంబేద్కర్ భవనంలో, పుస్తకాలు చదువుకునే మా బృందం ముందు ఒక దళిత కవయిత్రి తన కవితలు చదివారు. నాట్లకెళ్లిన ఆడవాళ్లు కాళ్ల బురద కడుక్కుని నేరుగా వచ్చి కూర్చున్నారు.

పట్నంలో ఆమెను శిల్పమేదని అడిగారట. మా వాడ పెద్దమ్మ వేరే మాట అడిగింది: "కూలి కష్టం రాశావు సరే, ఇంట్లో మొగుడి దెబ్బలు రాయలేదేం అమ్మాయ్?"

"రాస్తే మనవాళ్లే పరువు తీశావంటారని భయపడ్డానమ్మా" అన్నారు కవయిత్రి. సంఘం మగవాళ్లం నేలచూపులు చూశాం.

1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తర్వాత దళిత కవిత్వం పోటెత్తింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. దళిత స్త్రీల రాతల్ని ఒకచోట చేర్చిన గోగు శ్యామల 'నల్లపొద్దు' కోసం మాత్రం 2003 దాకా ఆగాం. ఈ ఆలస్యానికి అగ్రకులాలనే అంటే సరిపోదు. మన సభల్లో మైకు ఎవరి చేతిలో ఉంది?

కార్యకర్తలారా! నెలకో సాయంత్రం, కూలి పని దిగాక, వాడలో పుస్తకం తెరవండి. చదువు రానివారికి చదివి వినిపించండి. మొదటి ప్రశ్న ఆడవాళ్లను అడగనివ్వండి. ఇంటి ఆడదాని ప్రశ్నకే ఓర్చుకోలేని ఉద్యమం మనువును ఏం ఎదిరిస్తుంది?

జై భీం!