ఒక్క బీరే కదా అనకండి

‘బీరు చలువ’ అనే మాట ఎండలు ముదిరాయంటే చాలు, తెలుగునాట ఊరూరా వినిపిస్తుంది. మందు మానేసి ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్న మనిషికి ఇంతకు మించిన ప్రమాదమైన మాట లేదు. తాగమని అడిగితే వద్దనడం కొంత తేలిక. ఒళ్లు చల్లబరచుకోమని ఆప్యాయంగా చెబితే కాదనడమే కష్టం.

మే నెల పెళ్లిళ్లలో ఇది కళ్లారా చూడొచ్చు. రాత్రి తొమ్మిదైనా గాలి ఆడదు. ఫంక్షన్ హాలు వెనక ఏదో ఒక కారు డిక్కీ తెరిచి ఉంటుంది. ఐసు నింపిన థర్మాకోల్ డబ్బా, ప్లాస్టిక్ గ్లాసులు, విప్పిన పల్లీల పొట్లం. నాలుగు నెలలుగా చుక్క ముట్టని పెళ్లికూతురి మేనమామ అటుగా వస్తే అందరి కళ్లూ ఆయన మీదే. ‘విస్కీ అయితే వద్దులే బావా, బీరే కదా, వేడి లాగేస్తుంది’ అంటూ గ్లాసు చేతిలో పెడతారు. పెట్టినవాడు పగవాడేమీ కాదు. నిన్నమొన్నటి దాకా కలిసి తాగినవాడే, ఆయనంటే ఇష్టమున్నవాడే. వద్దంటే ‘మా వాడు స్వామీజీ అయిపోయాడ్రా’ అని నవ్వుతారు. ఆ నవ్వుకు తట్టుకోలేక గ్లాసు అందుకున్నవాళ్లు ఎందరో.

నిజానికి బీరులో చలువ లేదు. ఒంట్లో నీరు నిలబెట్టే వాసోప్రెసిన్ అనే హార్మోనును ఆల్కహాల్ అణిచేస్తుంది. మూత్రం ఎక్కువవుతుంది. చెమటగా పోయే నీటికి ఇది తోడు. వడగాలుల రోజుల్లో మద్యం జోలికి పోవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పేది అందుకే. 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ ఇంతగా తెలిసిన నేల మీద, నీరు తోడేసే పానీయానికి చలువ అని పేరు పెట్టడం అన్యాయం.

మానేసినవాళ్లు మన మధ్య ఎంత అరుదో కూడా చూడాలి. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయమో చికిత్సో అందుతోందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందికి ఒక్కరేనని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది. అలా బయటపడ్డ ఆ ఒక్కరు తిరిగి వచ్చేది ఎక్కడికి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. తాగేవాళ్ల మధ్యే ఆయన తాగకుండా బతకాలి.

ఎండాకాలం ఆ బతుకును మరింత ఇరుకున పెడుతుంది. పిల్లలకు సెలవులిస్తారు, ఇల్లాలు వాళ్లను తీసుకుని పుట్టింటికి వెళ్తుంది. ఇంట్లో ఆయనొక్కడే. సాయంత్రమైతే ఐపీఎల్ మ్యాచ్. టీవీలో మద్యం ప్రకటనలపై నిషేధం ఉన్నా, అదే పేరు సోడా మీదో మంచినీళ్ల సీసా మీదో కనిపిస్తూనే ఉంటుంది. రాత్రి ఉక్కపోత, కరెంటు కోత. మానేశాక నెలల తరబడి నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే, వేడి ఆ కాస్త నిద్రనూ చెడగొడుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండమని ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు ఒకరికొకరు చెప్పుకుంటారు. మన ఎండలకు ఆ జాబితాలో దాహాన్నీ చేర్చాలి. నోరెండిపోయినప్పుడు కావలసింది నీళ్లా, మందా అన్నది పాత అలవాటున్న ఒంటికి వెంటనే తేలదు. ముందు రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ తాగి, అరగంట ఆగి చూడటం మంచిది. తాగాలన్న తహతహ అలలా లేచి విరిగిపోతుందని, దాంతో పోరాడకుండా అది దాటేదాకా నిలబడాలని అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లట్ నేర్పింది ఇదే.

ఇక కల్లు. తాటి కల్లుకు ఎండాకాలమే సీజను. ‘చెట్టు కల్లు ఒంటికి మంచిది’ అని పల్లెల్లో పెద్దవాళ్లే చెబుతారు. కల్లులోనూ ఉన్నది ఆల్కహాలే. పైగా దుకాణాల్లో అమ్మేదంతా చెట్టు నుంచి దిగింది కాదు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణకు పాత వ్యాధి. 2015లో ఎక్సైజ్ వాళ్లు దానిపై దాడులు చేసి అమ్మకం ఆపేసరికి, అలవాటు పడ్డవాళ్లు వణుకుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. నీరా వేరు, అది పులియనిది. అయినా చల్లగా ఉంచకపోతే కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. మానేసినవాళ్లకు దాని బదులు ముంజలో, కొబ్బరి బోండాలో ఇవ్వడం మేలు.

ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ చేసే పొరపాటు ఒకటుంది, దాన్ని గట్టిగా ఖండించాలి. ‘తెలియకుండా మందు మాన్పిస్తాం’ అనే ప్రకటన చూసి పొడి తెచ్చి కూరలో కలపడం. అలా రహస్యంగా పెట్టేవాటిలో డైసల్ఫిరామ్ ఒకటి. డాక్టరు చూస్తుండగా, తెలిసి వేసుకుంటే అది పనికొచ్చే మందే. కానీ కడుపులో అది ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. ఏమీ తెలియని మనిషి మండుటెండలో, నీరసించిన ఒంటితో ఎక్కడో తాగితే ప్రాణం మీదికి రావచ్చు. ఆయనకు తెలియకుండా ఆయనను బాగు చేయాలనుకోవడం ఎంత మంచి మనసుతోనైనా తప్పే.

పెళ్లి చేసేవాళ్లను, ధావత్ ఇచ్చేవాళ్లను అడగాల్సింది చాలా చిన్నది. మానేసినవాడు వద్దంటే రెండోసారి అడగకండి. కారణం అడగకండి. ‘నువ్వు తాగకపోతే కూర్చోవడమెందుకు’ అనకండి. పానకమో నిమ్మకాయ నీళ్లో చేతికి అందేలా, అందరి ముందూ ఉంచండి. భోజనాలు తొందరగా పెట్టండి. ఆయన పది గంటలకే లేచి వెళ్తానంటే బండి దాకా వెళ్లి సాగనంపండి. మానేసే బాధ్యత ఆయనదే, నిజమే. కానీ ఆయన మాట నిలబెట్టుకునే చోటు మాత్రం మనదే, మన ఇంటి ముంగిలే.

ఇన్ని చేసినా కొందరు మళ్లీ తాగుతారు. అప్పుడు తిట్టి గదిలో పెట్టి తాళం వేయడం పనికిరాదు. వరసగా కొన్ని రోజులు బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి లేనివి కనిపించడం జరగవచ్చు. ఎండలో ఒంటి నీరు తగ్గితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాలి. అర్ధరాత్రయినా మాట్లాడాలంటే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే పలుకుతారు. వ్యసనాల కోసమే ఉన్న జాతీయ నంబరు 14446. సెలవులకు పుట్టింటికి బయల్దేరే ముందు ఈ రెండూ ఆయన ఫోనులో ఎక్కించి వెళ్లడం మంచిది.