‘వేడి చేసింది’ అన్న మాట తర్వాత అడగవలసిన ప్రశ్న

మన ఆసుపత్రి ఓపీలో ఒక సోమవారం ఉదయం కూర్చుంటే చాలు, ఒకే మాట పదిసార్లు వినబడుతుంది. “పెయ్యి అంత వేడి చేసింది సారూ.” నోట్లో పుండ్లు లేచినా వేడే. మూత్రం మంటగా వచ్చినా, తెల్లబట్ట అవుతున్నా, సెగగడ్డలు లేచినా, మనిషి రోజురోజుకు ఎండిపోతున్నా అదే మాట. జలుబు, దగ్గు, ఆయాసం అయితే చలవ. కీళ్ళు పట్టేస్తే వాతం, తల తిరిగి కడుపులో వికారం పుడితే పైత్యం. ఏ బడిలోనూ నేర్పకపోయినా మన చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యం ఇది.

ఇప్పుడు దీనికి చైనా వైద్యం మాటలు కూడా తోడయ్యాయి. యిన్, యాంగ్, ‘చీ’ అనే ప్రాణశక్తి అంటూ, నాలుక చూసి, నాడి పట్టి ఒంట్లో ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో చెబుతామనేవారు ఉన్నారు. సంఘ సభ్యులు కొందరు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఇది పనిచేస్తుందా? విశ్వాసులు దీని జోలికి పోవచ్చా?

రెండో ప్రశ్నకు జవాబు త్వరగానే చెప్పవచ్చు. అపొస్తలుడైన పౌలు వెంట ఉన్న వైద్యుడు లూకాను తలచుకోండి. ఆయన కాలానికే గ్రీకు వైద్యంలో మనిషి ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయని, వాటి తూకం తప్పితే జబ్బు వస్తుందని ఒక లెక్క ఉంది. ఆ లెక్కే అరబ్బు వైద్యుల చేతుల మీదుగా యునానీ పేరుతో మన దేశానికి వచ్చి, నిజాం రాజ్యంలో పెద్ద ఆదరణ పొందింది. ‘యునానీ’ అంటేనే గ్రీకుదని అర్థం. మన వరంగల్ అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో పిల్లలు చదివే త్రిదోషాలూ తూకం గురించినవే. కనుక ఒంట్లో సమతూకం అనే ఊహ ఏ ఒక్క మతం సొత్తూ కాదు. ఎవరైనా వైద్యం పేరుతో పూజలు, తాయెత్తులు అంటగడితే అది వేరే సంగతి. మా బెంగ అంతకంటే మామూలుది. తూకం సరిచేసుకుంటూ కూర్చున్న నెలల్లో అసలు జబ్బు ఎంత దూరం పోతుందన్నదే మా బెంగ.

చైనా వైద్యుడు రోగిని నాలుగు విధాలుగా పరీక్షిస్తాడు. చూస్తాడు. గొంతు, దగ్గు, ఊపిరి వింటాడు, వాసన కూడా గమనిస్తాడు. ఆకలి, నిద్ర, చెమట, విరేచనం గురించి అడుగుతాడు. చివరకు నాడి పట్టి, ఒళ్ళు తాకి చూస్తాడు. ఈ ఓపిక మన నర్సింగ్ విద్యార్థినులకూ రావాలని మేము మనస్ఫూర్తిగా కోరుకుంటాం. యంత్రాలు పెరిగిన కొద్దీ రోగి ముఖం చూసేవారు తగ్గుతున్నారన్న ఫిర్యాదులో నిజం ఉంది.

అయితే ఆ పరీక్ష తర్వాత ఏమిటి? ఒక గర్భిణి నాలుక పాలిపోయి ఉందనుకోండి. చైనా వైద్యుడు రక్తం లోపించిందనో, చల్లదనం ఎక్కువైందనో అంటాడు. మన సిస్టర్ అదే నాలుక చూసి హిమోగ్లోబిన్ పరీక్షకు పంపుతుంది. ఇద్దరూ చూసింది ఒక్కటే, ఇద్దరి చూపూ సరైనదే. కానీ పరీక్షలో 7 గ్రాములని వస్తే, ఆ అంకెను ఇంకొకరు మళ్ళీ చూడవచ్చు. నెల పోయాక 8 అయిందో, 6 అయిందో తెలుస్తుంది. ‘చల్లదనం’ ఎంత తగ్గిందో కొలిచే సాధనం లేదు. ఒకే రోగి నాడి పట్టుకుని ఇద్దరు వైద్యులు రెండు మాటలు చెబితే తేల్చే దారీ లేదు.

ఈ తేడా బాగా తెలియాలంటే చలిజ్వరం కథ చూడాలి. ఒక గంట వణుకు, ఒక గంట మంట, తర్వాత చెమటలు. వేడికీ చలవకూ ఒంట్లో యుద్ధం జరుగుతోందని ఎవరికైనా అనిపిస్తుంది. మనవాళ్ళూ చైనావాళ్ళూ ఈ జ్వరాన్ని వేల ఏళ్ళుగా గుర్తుపట్టారు, కారణం మాత్రం దొరకలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు అందులో మలేరియా క్రిమి కనబడింది. మందులో ఒకటి చైనా నుండి వచ్చింది. 1967లో అక్కడి ప్రభుత్వం మలేరియా మందు కోసం ఒక పరిశోధన మొదలుపెట్టింది. అందులో చేరిన తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథాలు వెదుకుతుంటే, నాలుగో శతాబ్దపు గే హాంగ్ పుస్తకంలో ఒక మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు! వేడికి మందు గుణం పోతోందని ఆమెకు అప్పుడు తోచింది. తక్కువ వేడిలో సారం తీసి ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించి, 1972లో ముందుగా తానే మింగి చూసుకుంది. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒకప్పటి మన జిల్లాలోని ఏటూరునాగారం, తాడ్వాయి అడవిపల్లెల్లో ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా వస్తే ఈనాడు ఇచ్చేది ఆ మందు కలిసిన మాత్రలే. (ఆ మొక్క మన మాచిపత్రికి చుట్టమే. అలాగని మాచిపత్రి నమిలితే మలేరియా పోదు.)

పాత పుస్తకంలో ఉందని ఆమె దాన్ని నమ్మలేదు, పాతదని పారేయనూ లేదు. మన వేర్లకూ ఆకులకూ అదే మర్యాద, అదే పరీక్ష కావాలి. ఎందుకంటే వేరు కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు. 1990ల మొదట్లో బెల్జియం దేశంలో ఒళ్ళు తగ్గడానికని చైనా మూలికలు వాడిన వందకు పైగా స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఒక వేరు బదులు పేరు కలిసిన ఇంకో వేరు పొట్లంలో పడింది. తర్వాత కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ వేరులోని విషం మన దగ్గర పాముకాటుకు విరుగుడని పేరున్న ఈశ్వరి వేరులోనూ ఉంది. పాము కరిస్తే ఆ వేరు నూరుతూ కాలం పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికి రావాలి.

ఇక మన ఇళ్ళలో రోజూ జరిగే నష్టం ఐరన్ మాత్రలది. తెలంగాణలో సగానికి మించిన స్త్రీలకు రక్తహీనత ఉంది. గర్భిణికి మాత్రలు ఇచ్చి పంపుతాం. ఇంటికి పోగానే అత్తమ్మ, “గా గోలీలు మింగకు బిడ్డా, వేడి చేస్తయి” అంటుంది. ఆ అత్తమ్మను కసిరితే మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. ఆమె చెప్పేది వట్టి మాట కాదు. ఐరన్ మింగితే కొందరికి కడుపులో మంట, మలబద్ధకం వస్తాయి, మలం నల్లబడుతుంది. వాటన్నిటికీ ఆమె దగ్గరున్న పేరు వేడి. కాబట్టి రాత్రి అన్నం తిన్నాక మింగమని, మజ్జిగ, నీళ్ళు బాగా తాగమని, చాయ్‌తో మింగవద్దని, నల్ల మలానికి భయపడవద్దని చెబుతాం. “చలవకు నిమ్మకాయ నీళ్ళు తాగిపియ్యి అత్తమ్మా” అంటే ఆమె సంతోషంగా చేస్తుంది. నిమ్మకాయతో ఐరన్ ఒంటికి బాగా పడుతుందన్నది మన లాభం.

ఊళ్ళకు వెళ్ళే మన ఆరోగ్య కార్యకర్తలకు మేము చెప్పేది ఇదే. “వేడి చేసింది” అంటే నవ్వవద్దు, తల ఊపి ఊరుకోవద్దు. “వేడి అంటే ఎట్ల అవుతుందమ్మా? ఎక్కడ? ఎన్ని దినాల నుంచి?” అని అడగాలి. ఆ మూడు ప్రశ్నలకు షుగర్ బయటపడవచ్చు, క్షయ బయటపడవచ్చు, మూత్రంలో చీము బయటపడవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గును చలవ అని వదిలేయరాదు. కళ్ళు పచ్చబడిన గర్భిణిని పసరు కోసం పంపరాదు. విరేచనాలయ్యే పసిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు.

మోకాళ్ళ నొప్పులకు సూదివైద్యం చేయించుకుంటామనే పెద్దవారిని మేము వద్దనము. దీర్ఘకాలపు నొప్పులు కొన్నిటిలో దానివల్ల కొంత ఉపశమనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. మీ ఎదుట కొత్త ప్యాకెట్ విప్పి తీసిన సూదే వాడాలి. బీపీ, షుగర్ మందులు మానమంటే అక్కడినుండి లేచి రండి.

ఇంకొక మనవి. మన దగ్గరికి వచ్చేటప్పుడు మీరు వాడిన పొడి పొట్లం, వేరు ముక్క, కషాయం సీసా, ఏది ఉన్నా దాచకుండా వెంట తెండి. ఎవరూ కోప్పడరు. లోపలికి ఏం పోయిందో తెలిస్తే ఏ రక్తపరీక్ష ముందు చేయాలో మాకు తెలుస్తుంది.