ఓటుకు ముందే తేలిన ఫలితం

2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే బీజేపీకి దక్కింది. కాంగ్రెస్ ఆక్రోశం న్యాయమైనదే. కానీ ఈ విద్య కాంగ్రెస్‌కూ కొత్త కాదు, సూరత్‌కూ కొత్త కాదు.

1907 కాంగ్రెస్ మహాసభ నాగ్‌పూర్‌లో జరగవలసింది. అక్కడ తిలక్ వర్గానికి బలముంది కనుకనే మితవాదులు వేదికను తమకు పట్టున్న సూరత్‌కు మార్చారు. ఆతిథ్య రాష్ట్రపు నాయకుడు అధ్యక్షుడు కారాదన్న ఆనవాయితీ తిలక్‌కు దారి మూసింది. అతివాదులు కోరిన లజపతిరాయ్ పోటీకి ఒప్పుకోలేదు. ప్రతినిధుల లెక్క ముందే కుదిరాక రాస్‌బిహారీ ఘోష్ ఎన్నిక లాంఛనంగా మిగిలింది. అభ్యంతరం చెప్పబోయిన తిలక్‌కు వేదికపై అవకాశం దక్కలేదు. చెప్పు ఎగిరింది, కుర్చీలు లేచాయి, సభ చెదిరింది. చీలిన పార్టీ 1916 లక్నో సభ దాకా అతకలేదు.

లెక్క ముందే కుదుర్చుకున్నవారికి పీఠం దక్కవచ్చు. ఓడినవారి అంగీకారం మాత్రం దక్కదు.