శనివారాన్ని పిల్లలకు వదిలేయండి

2025-26 నుంచి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ప్రతి శనివారం ‘నో బ్యాగ్ డే’, పుస్తకాల సంచి లేని రోజు. మంచి నిర్ణయమే. కానీ సిలబస్ వెనకబడిందని ఆ పూట కూడా పాఠాలు చెప్పించేవాళ్లున్నారు. ఇది తగదు.

కడపలో మూడో తరగతికి చెబుతున్నాను. వారమంతా నోరు విప్పని పిల్లోడు శనివారం చెనిక్కాయలు వలిచి, గింజల్ని ఐదేసి కుప్పలు పోసి, ఐదో ఎక్కం గడగడా అప్పజెప్పేశాడు. వరండాలో పరిచిన కడప బండ చుట్టూ టేపు పట్టి ఆడపిల్లలు చుట్టుకొలత తేల్చేశారు. పుస్తకంలో అదే లెక్కకు దిక్కులు చూసినవాళ్లే!

మా ఊళ్లోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొచ్చు. అక్కడి తాళపత్రాలు ఎందరు పిల్లలు చూశారు? హెడ్‌మాస్టర్లూ, ఐదు రోజులు పాఠాలకు మీవే. ఆరో రోజు జోలికి మాత్రం రాకండి.